నూట నాలుగో కిలోమీటరు గేటు

హాక్‌డన్ కొండల చుట్టు సైకిలు రేసులో నోలీన్ క్రెయిగ్ అప్పటికి రెండుసార్లు ఓడిపోయింది. మొదటిసారి నూట యాభయ్యో కిలోమీటరు దగ్గర వెనక గేరు విరిగి చక్రంలో ఇరుక్కుంది. సైకిలు భుజాన వేసుకుని ఆరు కిలోమీటర్లు నడిచి రోడ్డెక్కింది. రెండోసారి ఏదీ విరగలేదు. పదకొండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, అంతే.

ఇది మూడోసారి. ఆమెకు యాభై ఏడేళ్లు. మార్చిలో కుడి మోకాలి చిప్ప మార్చబోతున్నారు. ఆపరేషనయ్యాక ఊళ్లో సైకిలు తొక్కుకోవచ్చు గాని కొండల జోలికి పోవద్దని డాక్టరు చెప్పింది. కాబట్టి నాలుగోసారి అనేది లేదు.

నేస్‌బీ ఊరి హాలు ముందు పొద్దున ఐదింటికి బయల్దేరి, స్టేషన్లని పిలిచే పెద్ద గొర్రెల పొలాల గుండా, రెండు కనుమల మీదుగా నూట తొంభై కిలోమీటర్లు మట్టిదారిలో తొక్కి, రాత్రి తొమ్మిదిలోపు మళ్లీ అదే హాలు ముందుకు రావాలి. అక్కడ జనవరి నడివేసవి, తొమ్మిదింటికి ఇంకా వెలుగుంటుంది. వేళకు చేరినవాళ్ల పేర్లు రేసు పెట్టే ఎవాన్ రింటౌల్ హాలు పక్కనున్న షెడ్డు రేకుల మీద తెల్ల పెయింటుతో రాస్తాడు. ఆలస్యంగా చేరినవాళ్లకు టీ ఇస్తారు.

ఆ పొద్దున ఎవాన్ హాలు మెట్లెక్కి ఏటా చెప్పే మాటలే చెప్పాడు. మూడు మజిలీలు. మూడో మజిలీ సాయంత్రం ఐదున్నరకు మూసేస్తారు, ఆ తర్వాత వచ్చినవాళ్ల నంబరు పలక తీసేస్తారు. మజిలీల్లో దొరికేది తప్ప ఇంకే బయటి సాయమూ తీసుకోకూడదు.

"దారి పొడుగునా ఇరవై ఏడు గేట్లు," అన్నాడు. "మూసి ఉన్నదాన్ని మూసే వదలండి. తెరిచి ఉన్నదాన్ని తెరిచే వదలండి. మీరు చదువుకున్నవాళ్లు కావచ్చు. గేటు మీకంటే చదువుకుంది."

"రింటౌల్, ఈ ముక్క నీ సమాధి మీద చెక్కిస్తాం," అన్నారెవరో వెనకనుంచి.

"అక్కడికొచ్చినా గేటు మూసే వెళ్లండి," అన్నాడు ఎవాన్.

ముప్పై ఒక్కమంది బయల్దేరారు.

ఇరవయ్యో కిలోమీటరు దగ్గర తమాతి ఆమెను కలిశాడు. దక్షిణపు కొసనున్న బ్లఫ్ రేవులో ఆల్చిప్పల పడవ మీద పనిచేస్తాడు. ముప్పై నాలుగేళ్లు, రేసు మొదటిసారి. కాసేపు వెనకే వచ్చి పక్కకు చేరాడు.

"ఆంటీ, మీ వెనక చక్రం చప్పుడు చేస్తోంది."

"చక్రం కాదు. మోకాలు."

ఆ తర్వాత ఇద్దరూ కలిసే తొక్కారు. ఎక్కుడులో ఆమె ముందు, దిగుడులో అతను ముందు. నోలీన్ ముప్పై ఐదేళ్లుగా బొచ్చు కత్తిరించే షెడ్లలో ఉన్నిని రకం వారీగా వేరుచేసే పనిలో ఉంది. ఆ షెడ్లకు వెళ్లే దారులే రేసు దారులు. ఎక్కడ తొక్కాలో, ఎక్కడ దిగి తొయ్యడం మేలో ఆమెకు తెలుసు. ఆమె దిగినచోట తమాతి కూడా దిగేవాడు. మొదట రెండుసార్లు దిగలేదు. రెండుసార్లూ పడ్డాడు.

ఆరో గేటు దగ్గర అతను తెరిచి, దాటి, అలాగే వదిలేసి పోయాడు. నోలీన్ మూసి, అతన్ని అందుకుంది.

"ఏరా అబ్బాయ్, మీ పడవలో తలుపులు వేసుకోరా?"

"వేస్తాం ఆంటీ. లేకపోతే నీళ్లొస్తాయి."

"ఇక్కడ గొర్రెలు పోతాయి. చివర దాటినవాళ్లు మూయాలి. గుర్తుపెట్టుకో."

ఆమె పుట్టి పెరిగింది గొర్రెల స్టేషన్లోనే. ఐదేళ్లప్పుడు ఒకసారి గేటు తెరిచి వదిలేస్తే రెండు మందలు కలిసిపోయాయి. అవి మళ్లీ విడదీసేదాకా నోలీన్‌కి తిండి పెట్టొద్దని నాన్న అన్నాడు. విడదీసేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఆ తర్వాత యాభై రెండేళ్లలో ఆమె చేతులు తెరిచి వదిలిన గేటు లేదు.

రెండో మజిలీకి పదకొండూ యాభైకి చేరారు. ఊరి ఆడవాళ్లు చీజ్ రోల్స్ కాల్చి పెట్టారు. నోలీన్ నాలుగు తిని, రెండు జేబులో వేసుకుంది. గడియారం చూసుకుంది. పోయినేడు ఇదే చోటికి పన్నెండున్నరకు వచ్చింది. నలభై నిమిషాలు చేతిలో ఉన్నాయి. వాయవ్యపు వేడిగాలి లేచింది. థర్మామీటరు ముప్పై మూడు చూపిస్తోంది.

"ఈసారి అయిపోతుందా ఆంటీ?" అన్నాడు తమాతి.

"నోరు మూసుకుని తొక్కు," అంది. అయిపోతుందనే అనుకుంటోంది.

నూట నాలుగో కిలోమీటరు గ్రేమేర్ స్టేషన్లో పడుతుంది. ఎండిన కొండవాలు మీంచి దారి ఒక సందులోకి దిగుతుంది. రెండు పక్కలా తీగ కంచెలు, మధ్య ఎనిమిది మీటర్ల వెడల్పు, పొడవు ఏడెనిమిది వందల మీటర్లు. సందు చివర గేటు. గేటవతల వాగు.

తమాతి రెండు వందల మీటర్లు ముందున్నాడు. నోలీన్ వంపు తిరిగేసరికి గేటవతల పోతున్నాడు. గేటు బార్లా తెరిచి ఉంది.

వీడికిక బుద్ధి రాదనుకుంది. సైకిలు దిగింది. గేటుకు ఆనుకుని ఉన్న రాయిని కాలితో పక్కకు తోసి, గేటు లాగి, గొలుసు కొక్కేనికి తగిలించింది. పన్నెండు సెకన్ల పని. మళ్లీ ఎక్కి తొక్కింది.

నూట పదమూడో కిలోమీటరు దగ్గర దారి అదే వాగును దాటుతుంది. అక్కడ తమాతి బూట్లతోనే నీళ్లలో నిలబడి ముఖం కడుక్కుంటున్నాడు. ఒంటి గంటా పది నిమిషాలు. నోలీన్ వంగి సీసా ముంచింది.

"మళ్లీ మరిచావు," అంది.

"ఏంటి?"

"గేటు. ఆ సందు చివరిది. బార్లా వదిలేసి వచ్చావు. నేను మూశాలే."

తమాతి ముఖం తుడుచుకున్నాడు. "నేను తెరవలేదు ఆంటీ. తెరిచే ఉంది. తెరిచి ఉంటే తెరిచే వదలమన్నారుగా. అసలు సైకిలు కూడా దిగలేదు నేను."

సీసా ఎప్పుడో నిండింది. ఆమె దాన్ని నీళ్లలోంచి తియ్యలేదు.

"దానికి రాయి ఆనించి ఉంది," అంది.

"అవును. చూశాను."

నోలీన్ లేచి నిలబడింది. ఆ కొండవాలు మీద తాను దాటి వచ్చిన నీళ్లతొట్టి గుర్తొచ్చింది. ఎండిపోయి, అడుగున పాచి పెచ్చులు లేచి ఉంది. సందు పొడుగునా పెంటికలు, అన్నీ తాజావి. కొండ మీద గడ్డి తిని, ఎండ ముదిరాక గొర్రెలు ఆ సందులోంచి దిగి, ఆ గేటు దాటి వాగుకు పోతాయి. గేటు తెరిచి రాయి పెట్టింది అందుకు. తల్లులు, పిల్లలు కలిసి నాలుగు వందలకు తక్కువుండవు. నీళ్ల కోసం దిగొస్తాయి, మూసిన గేటుకు ఆనుకుని నిలబడతాయి. వెనకనుంచి ఇంకా ఏడుగురు సైకిళ్ల మీద ఆ సందులోకే దిగుతారు. సైకిలును చూసి గొర్రెలు ముందుకు తోసుకుంటాయి. ముందున్నది గేటు. కింద పడేవి పిల్లలు.

"వెనక వచ్చేవాళ్లు తెరుస్తారేమో," అన్నాడు తమాతి.

"తెరవరు. మూసి ఉన్నదాన్ని మూసే వదులుతారు."

"రేసువాళ్లు కట్టిన ట్రాకర్ మీద ఆపదకు నొక్కే ఎర్ర మీట ఉందిగా, నొక్కితే?"

"హెలికాప్టరొస్తుంది. గొర్రెలకు దాహమేస్తోందని చెప్పనా?"

ఫోన్లు ఆ లోయలో పనిచెయ్యవు. తమాతి సైకిలు వెనక్కి తిప్పాడు. "నేను వెళ్తా. నా కాళ్లు కుర్రవి."

"నువ్వెప్పుడైనా గొర్రెను ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నా. ప్లేటులో."

"నువ్వు ముందుకు పో. మూడో మజిలీలో మర్ల్ అనే ఆవిడ ఉంటుంది, మా షెడ్డులో వంటమనిషి. ఆవిడ దగ్గర రేడియో ఉంది. గ్రేమేర్ స్టేషను యజమాని లిన్సేకి చెప్పమను. ఎక్కడా ఆగొద్దు."

"మరి మీ టైము?"

"పో అన్నానా."

అతను వెళ్లాడు. వెనక్కి తిరిగి చూడలేదు. నోలీన్ సైకిలెక్కి, అతని వెనకే ముందుకు తొక్కింది.

నాలుగు వందల మీటర్లు అలా వెళ్లింది. లెక్క వేసుకుంటూ వెళ్లింది. తమాతి మజిలీకి మూడున్నరకు చేరతాడు. లిన్సే కబురందుకుని బయల్దేరి గేటు దగ్గరకొచ్చేసరికి నాలుగున్నర. తను వెనక్కి వెళ్లాలంటే తొమ్మిది కిలోమీటర్లు, ఎక్కువ భాగం ఎక్కుడు. రాను పోను, అక్కడ పని, అంతా కలిసి రెండు గంటలు. మూడో మజిలీకి మూడూ ముప్పావుకి చేరాల్సిన మనిషి ఐదూ ముప్పావుకి చేరుతుంది. ఐదున్నరకు మూసేస్తారు.

ఇరవై రెండేళ్లప్పుడు ఒక షెడ్డు వెనక వాగుగట్టు దగ్గర గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి చచ్చిన గుట్టను ఆమె చూసింది. అరవై మూడు. వాటి ఉన్ని లాగే పని ఆమె పనిచేసే ముఠాకే ఇచ్చారు. అడుగున ఉన్న వాటికి దెబ్బ ఒక్కటి లేదు, ఊపిరాడక పోయాయి.

బ్రేకు వేసింది. సైకిలు తిప్పింది.

ఇప్పుడు గాలి ఎదురైంది. రెండు కిలోమీటర్లు పోయాక ఇద్దరు ఎదురొచ్చారు. ఓమరూలో పళ్ల డాక్టరు కాలమ్, అతని బావమరిది డెస్. నాలుగేళ్లుగా ఎరిగినవాళ్లే.

"నేస్‌బీ ఇటు కాదు నోలీన్," అన్నాడు డెస్.

"సందు చివర గేటు ఎలా ఉంది?"

"మూసి ఉంది," అన్నాడు కాలమ్. "గొర్రెలు గేటుకు అడ్డంగా గుమిగూడి ఉన్నాయి. తెరిస్తే బయటపడతాయని సైకిళ్లు కంచె మీదుగా ఎత్తి దాటించాం. పది నిమిషాలు పోయాయి." ఆ మాట కొంచెం గర్వంగానే చెప్పాడు. వాళ్లు చేసింది రూలు ప్రకారం సరైన పని.

"అది తెరిచి ఉండాల్సిన గేటు. నేనే మూశాను."

కాలమ్ వెనకనున్న కొండను చూశాడు, గడియారం చూశాడు.

"మేమూ రావాలా?"

"వద్దు. మనుషులు పెరిగితే ఇంకా బెదురుతాయి. పోండి."

తర్వాత ముగ్గురు కలిసి వచ్చారు. వాళ్లూ కంచె మీదుగానే దాటారు. ఆ తర్వాత ఒకావిడ ఒంటరిగా వచ్చింది. వెనక ఇంకా ఎవరున్నారని నోలీన్ అడిగింది. ఒక్కడేనని, క్లైడ్ నుంచి వచ్చిన లారీ డ్రైవరని, చాలా వెనకున్నాడని ఆవిడ చెప్పింది.

చివరి రెండు కిలోమీటర్లు నోలీన్ దిగి తోసింది. మోకాలు మడవడం మానేసింది. ఎడమ కాలు వేసి, కుడి కాలు ఈడ్చి, మళ్లీ ఎడమ కాలు. గేటు కనబడేసరికి రెండూ ఐదు.

సందు నిండిపోయి ఉంది. గేటు దగ్గర గొర్రెలు వీపుకు వీపు ఆనించి, ఒకదాని మెడ మీద ఒకటి గడ్డం పెట్టి నిలబడ్డాయి. వెనక ఉన్నవి అరుస్తున్నాయి. ముందున్నవి అరవడం లేదు. సందు పైకొసన లారీ డ్రైవరు సైకిలు మీద అప్పుడే దిగబోతున్నాడు. నోలీన్ కంచె మీదకెక్కి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. అతను ఆగాడు. కూర్చోమని చేత్తో సైగ చేసింది. ఎందుకో తెలియకపోయినా అతను కూర్చున్నాడు.

గేటు సందు లోపలికి తెరుచుకుంటుంది. లోపల అంగుళం జాగా లేదు. గొలుసు తీసేసినా గేటు కదల్లేదు.

నోలీన్ గేటు రెండో కొసకు వెళ్లింది. పాత రకం గేటు. స్తంభానికి రెండు ఇనుప కొక్కేలు, రెండూ పైకి తిరిగి ఉన్నాయి. గేటును పైకెత్తితే ఊడి వస్తుంది. కొత్త గేట్లకయితే దొంగలు ఊడదీయకుండా పై కొక్కెం కిందికి తిప్పి పెడతారు. లిన్సే వాళ్ల నాన్న పెట్టిన గేటిది. దొంగలు రాకముందుది.

ఊడి పడిన కంచె గుంజ ఒకటి గడ్డిలో దొరికింది. దాని మొన గేటు కింద దూర్చి, అడుగున రాయి పెట్టి, రెండో కొస మీద పడుకున్నట్టు వాలి నొక్కింది. గేటు రెండంగుళాలు లేచి మళ్లీ కూలబడింది. గొర్రెల బరువు దాన్ని స్తంభానికి అదిమి పెట్టింది. రెండోసారీ అంతే. మూడోసారి గుంజ మీద కూర్చుంది. కాళ్లు నేలనుంచి ఎత్తేసింది. పై కొక్కెం వదిలింది, తర్వాత కిందది. గేటు వాగు వైపు ఒరిగి పడింది. ఆమె గుంజతో సహా పక్కకు దొర్లింది.

మొదటి గొర్రెలు గేటు మీదుగానే నడిచిపోయాయి. ఇనుప కమ్మీల మీద వాటి గిట్టల చప్పుడు చాలాసేపు వినబడింది. వెనకవి మెల్లిగా సడలాయి. సందు ఖాళీ అయ్యాక స్తంభం మూల ఏడు పిల్లలు మిగిలాయి. నోలీన్ ఒక్కోదాన్ని ఎత్తి చూసింది. ఐదింటికి ఊపిరుంది. ముక్కులు తుడిచి, పక్కటెముకల మీద అరచేత్తో రుద్ది, నిలబెట్టి పట్టుకుంది. నిలబడిన ప్రతిదాన్నీ వాగు వైపు తిప్పి వదిలింది. రెండు లేవలేదు. వాటిని కంచె వారన నీడలో పెట్టింది.

గేటును ఈడ్చి కంచెకు ఆనించింది. గొలుసుతో కంచెకే కట్టేసింది, ఇంకెవరూ ముట్టుకోకుండా. లారీ డ్రైవరు దిగొచ్చాడు.

"ఇదంతా రేసులో భాగమా?" అన్నాడు.

"కాదు."

"గేటు లేదే. ఇప్పుడు దీన్ని తెరిచినట్టు లెక్కా, మూసినట్టు లెక్కా?"

"తెరిచినట్టు," అంది నోలీన్. రెండూ నలభై. ఆమె సైకిలెక్కింది.

ఆ తొమ్మిది కిలోమీటర్లూ అరగంటలో దిగింది. దారిలో రాళ్లకు బ్రేకు వెయ్యడం మానేసింది. వాగు దాటేచోట ఆగలేదు. అక్కణ్ణుంచి మూడో మజిలీకి ముప్పై రెండు కిలోమీటర్లు, మధ్యలో రెండో కనుమ. పొద్దున వేసుకున్న లెక్కలో ఆ ముక్కకు రెండు గంటల ముప్పై ఐదు నిమిషాలు పెట్టుకుంది. ఇప్పుడున్నవి రెండు గంటల ఇరవై.

కనుమ ఎక్కుడు పదకొండు కిలోమీటర్లు. పోయిన రెండుసార్లూ నాలుగుచోట్ల దిగి తోసింది. ఈసారి ఒక్కచోటే దిగింది. జేబులోని చీజ్ రోల్స్ తొక్కుతూనే తింది. రెండోది సగం కింద పడింది. దానికోసం ఆగలేదు. మోకాలు నొప్పి తొడలోకి ఎక్కింది, అక్కణ్ణుంచి నడుములోకి. పైకొచ్చేసరికి నాలుగూ యాభై రెండు. దిగుడు ఇరవై ఒక్క కిలోమీటర్లు. కింద లోయలో మజిలీ గుడారం కనబడింది. కనబడిన దగ్గర్నుంచి అది దగ్గరవడానికి చాలాసేపు పట్టింది.

మర్ల్ గుడారం ముందు గడియారం పట్టుకుని నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్లుగా నోలీన్‌కి వంట చేసి పెడుతున్న మనిషి.

"ఐదు ముప్పై నాలుగు," అంది మర్ల్.

"నా గడియారంలో ముప్పై మూడు."

"నీ గడియారంలో ముప్పై ఒకటున్నా ఇంతే."

"తెలుసు."

మర్ల్ కత్తెర తెచ్చి పలక పట్టీలు కత్తిరించింది. ఒక పట్టీ తెగలేదు. రెండు చేతులతో నొక్కి కోసింది. నోలీన్ వైపు చూడకుండా మాట్లాడింది. "లిన్సే రేడియోలోకొచ్చాడు. రెండు పిల్లలు పోయాయట. తక్కినవన్నీ వాగు గట్టున పడుకున్నాయట. గేటు ఊడపీకిందెవరని అడిగాడు."

"నేనని చెప్పావా?"

"చెప్పా. గొలుసుతో కట్టెయ్యకుండా రాయి పెట్టి ఊరుకోవడం తన తప్పేనన్నాడు. అయినా గేటు మళ్లీ నువ్వే వచ్చి తగిలించాలన్నాడు." ట్రాకర్ కూడా విప్పింది. "ఆ కుర్రాడు మూడూ ఇరవైకే వచ్చాడు. టీ కూడా తాగలేదు. నేను రేడియో పట్టుకునేదాకా నా నెత్తి మీదే నిలబడ్డాడు. జీపులో కూర్చో. అరగంటలో ఇంట్లో ఉంటావు."

"ఇక్కణ్ణుంచి దారి ఎవరిది?"

"కౌన్సిలుది, అందరిదీ. ఏం?"

"అయితే తొక్కొచ్చు."

మర్ల్ అప్పుడు ఆమె ముఖం చూసింది. తర్వాత దక్షిణం వైపు ఆకాశం చూసింది. అక్కడ మబ్బు కమ్ముతోంది. వాయవ్యపు గాలి పడిపోయింది. అది పడిపోయిన రోజు గంటలో దక్షిణపు గాలి వస్తుంది, చలితో, వానతో.

"నా వానకోటు వేసుకో. నువ్విప్పుడు రేసులో లేవు. సాయం తీసుకోకూడదనే రూలు నీకు లేదు."

నోలీన్ కోటును చూసింది. మందమైన కోటు.

"వద్దులే," అంది. ఐదూ నలభైకి బయల్దేరింది. నలభై ఐదు కిలోమీటర్లున్నాయి. తొమ్మిదికి మూడు గంటల ఇరవై నిమిషాలు.

గాలి ఆరున్నరకు వచ్చింది. ముప్పై మూడు డిగ్రీలున్న రోజు ఇరవై నిమిషాల్లో పదకొండుకు దిగింది. వాన అడ్డంగా కొట్టింది. మట్టి బురదై చక్రాలకు పట్టింది. అరగంటకోసారి దిగి, చేత్తో బురద తోడి, మళ్లీ ఎక్కింది.

ఏడున్నరప్పుడు ముందు ఒక మనిషి కనబడ్డాడు. సైకిలు మీద ఉన్నాడు గాని అటూ ఇటూ ఊగుతున్నాడు. డెస్.

"కాలమ్ ఏడీ?" అంది.

"ముందుకు పొమ్మన్నాను. నా పని అయిపోయింది." ఆమె హ్యాండిలు వైపు చూశాడు. "నీ నంబరేది?"

"మర్ల్ దగ్గరుంది."

"ఎన్ని నిమిషాలు ఆలస్యం?"

"నాలుగు."

"మరెందుకు తొక్కుతున్నావు?"

"తొమ్మిదిలోపు చేరడానికి. నీకు ఇంకా గంటన్నర ఉంది. పద్దెనిమిది కిలోమీటర్లు. రా."

డెస్ ఆమె చక్రం వెనక చేరాడు. ఎదురుగాలిలో ముందు మనిషి చాటున తొక్కితే కష్టంలో మూడో వంతు తగ్గుతుంది. నూరు మీటర్లు పోయాక నోలీన్ వెనక్కి తిరిగింది.

"నా వెనక రాకు."

"ఏం?"

"నేను రేసులో లేను. నా చాటున తొక్కితే బయటి సాయం అవుతుంది. పక్కకు రా."

"నోలీన్, ఈ వానలో ఎవడు చూస్తున్నాడు?"

"పక్కకు రా డెస్."

అతను పక్కకు వచ్చాడు. ఎవరి గాలి వాళ్ల ముఖానికే కొట్టింది. ఆమె మాట్లాడుతూనే ఉంది. డెస్ గేరు తప్పు వేశాడని తిట్టింది. ఓమరూలో పళ్లు పీకించుకోవడం కంటే గొర్రెల షెడ్డులో కటింగ్ ప్లేయరుతో పీకించుకోవడం నయమంది. అతను జవాబు చెప్పాలని తల ఎత్తేవాడు. తల ఎత్తినప్పుడల్లా కాళ్లు మళ్లీ తొక్కేవి. ఊరి చివర పైన్ తోపులోకి వచ్చేసరికి వాన తగ్గింది. ఎనిమిదీ నలభై. మూడు కిలోమీటర్లున్నాయి. ఆఖరి ఎక్కుడు దగ్గర డెస్ దిగబోయాడు.

"దిగితే మళ్లీ ఎక్కలేవు," అంది నోలీన్.

అతను దిగలేదు.

హాలు ముందు నలభైమంది దాకా గొడుగుల కింద నిలబడి ఉన్నారు. రెండు గుంజల మధ్య గమ్యం గుర్తుగా గుడ్డ కట్టి ఉంది. నోలీన్ గుడ్డ కిందనుంచి వెళ్లలేదు. పది గజాల ముందే దారి వదిలి గడ్డిలోకి దిగి, గుంజ పక్కనుంచి డెస్‌తో సమంగా వచ్చి ఆగింది.

ఎవాన్ డెస్ నంబరు చదివి పుస్తకంలో రాశాడు. కాలమ్ వచ్చి బావమరిదిని పట్టుకున్నాడు. ఎవాన్ గడ్డిలోకి నడిచొచ్చాడు.

"మర్ల్ నిన్ను తీసేసిందిగా."

"తీసేసింది."

"గేటు సంగతి తమాతి చెప్పాడు." ఎవాన్ కళ్లద్దాల మీది నీళ్లు చొక్కాకు తుడుచుకున్నాడు. "మూసింది నువ్వే."

"నేనే."

"వేరెవరో మూసి ఉంటే, నువ్వు వెళ్లి తెరిచి ఉంటే, ఆ రెండు గంటలూ నీ టైములోంచి తీసేసేవాణ్ణి. ఎవరి తప్పు వాళ్లు దిద్దుకున్నందుకు టైము ఇవ్వలేను నోలీన్."

"ఇస్తే ఒప్పుకోను. టైమెంతైంది?"

"డెస్‌ది పదిహేను గంటల యాభై రెండు నిమిషాలు."

"నాది?"

"నీకు లేదు."

"పుస్తకంలో రాయొద్దు, రేకు మీదా రాయొద్దు. నోటితో చెప్పు."

ఎవాన్ చేతిలోని గడియారం చూశాడు, ఆగి ఉన్న అంకెల్ని.

"పదిహేను గంటల యాభై రెండు నిమిషాలు," అన్నాడు. "నూట తొంభై, దానిమీద ఇంకో పద్దెనిమిది కిలోమీటర్లు. నోలీన్ క్రెయిగ్."

ఆమె తల ఊపింది. తమాతి జనంలోంచి వచ్చి ఆమె సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. అప్పటికే స్నానం చేసి, పొడి బట్టల్లో ఉన్నాడు.

"దిగండి ఆంటీ."

"దిగలేను."

"అంటే?"

"కాలు రావట్లేదు. కాసేపు అలాగే పట్టుకో."

తమాతి ముందు చక్రాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడ్డాడు. సైకిలు ఎడమ వైపుకు ఒరగబోయింది. ఎవాన్ పుస్తకం చంకన పెట్టుకుని, వచ్చి ఆ వైపు పట్టుకున్నాడు.